మాట్లాడే హక్కు ఎంతవరకు, మాట మీద బాధ్యత ఎంతవరకు: తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో మేం కొంతమందిమి ఆదివారం సాయంత్రాలు లైబ్రరీ మెట్ల మీద కూర్చుంటాం, డిగ్రీ చదివే పిల్లకాయలు, రిటైరైన వాళ్ళు, ఒకరిద్దరు రైతులు. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను, లాయర్ని కాదు. ఫోన్లు వచ్చినకాడ్నించి ఆడ తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు ఇవే, అందుకని ఒక్కచోట రాసి పెడతన్నా.

మాట్లాడే స్వేచ్ఛ ఉంది కదా మాస్టారూ, నోటికొచ్చింది అనొచ్చా?

అనకూడదు. కానీ "నువ్వు అనకూడదు" అని ఆపే అధికారం ఎవరికి ఉంది, ఏ కారణంతో ఉంది అనేది దానికంటే పెద్ద ప్రశ్న. రాజ్యాంగంలో ఆర్టికల్ 19(1)(ఎ) మనకి మాట, భావ ప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది, పేపరోళ్ళకి వేరే హక్కేం లేదు, వాళ్ళు రాసేదీ మీరు ఫేస్‌బుక్‌లో పెట్టేదీ ఈ ఒక్క హక్కు కిందే. ఆ కిందనే 19(2) ఉంది. దేశ సార్వభౌమత్వం సమగ్రత, దేశ భద్రత, విదేశాలతో స్నేహం, ప్రజాశాంతి, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి రెచ్చగొట్టడం, ఈ ఎనిమిది కారణాల మీద ప్రభుత్వం హద్దు పెట్టొచ్చు, అదీ చట్టం చేసి, న్యాయమైనంత వరకే. 2023 జనవరిలో కౌశల్ కిషోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ లిస్టే ఫైనల్, బయటి నుంచి కొత్త కారణాలు తెచ్చి కలపడానికి లేదు అనింది. కాబట్టి పెద్దమనిషికి కోపమొచ్చిందనో ఊరి పరువు పోయిందనో ఎక్కువమందికి నచ్చలేదనో మీ నోరు మూయించడానికి లేదు, అవేవీ ఆ లిస్టులో లేవు.

ఈ హద్దులు మొదట్నించీ ఉన్నాయా?

కొన్ని ఉన్నాయి, కొన్ని తర్వాత కలిపారు. ఈ కథకి మనకీ సంబంధం ఉంది. 1950లో నెల్లూరు, ఒంగోలు అన్నీ మద్రాసు రాష్ట్రంలోనే కదా, ఆ మద్రాసు ప్రభుత్వమే బొంబాయి నుంచి వచ్చే క్రాస్‌రోడ్స్ అనే పత్రిక రాష్ట్రంలోకి రాకుండా ఆపేసింది. ఆ పత్రిక నడిపే రొమేష్ థాపర్ సుప్రీంకోర్టుకి పోయాడు, 1950 మే నెలలో గెలిచాడు. మామూలు శాంతిభద్రతల పేరు చెప్పి పత్రికని ఆపడానికి రాజ్యాంగంలో చోటు లేదు అని కోర్టు చెప్పింది. వెంటనే మరుసటి సంవత్సరం మొదటి సవరణ తెచ్చి ప్రజాశాంతి, విదేశీ స్నేహం, నేరానికి రెచ్చగొట్టడం అనే మాటలు కలిపారు, దాంతోపాటే హద్దులు "రీజనబుల్"గా ఉండాలి అనే మాట కూడా చేర్చారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇప్పటికీ కోర్టుల్లో జనం గెలుస్తున్నారు. సార్వభౌమత్వం, సమగ్రత అనేవి 1963లో వచ్చాయి.

మా ఊరి లీడర్ గురించో ఆఫీసర్ గురించో రాస్తే పరువునష్టం కేసు పడుద్దా?

ఇది అడగని ఆదివారం లేదు. పడే అవకాశం ఉంది, కానీ జనం భయపడేంత లేదు. నేరాలకి శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీ ఇప్పుడు లేదు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, దాంట్లో పరువునష్టం సెక్షన్ 356. రెండేళ్ళ వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ, లేదా సమాజ సేవ గానీ శిక్ష. ఇది క్రిమినల్ నేరంగా ఉండకూడదని చానామంది కోర్టుకి పోయారు గానీ 2016లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నాకైతే ఇది సివిల్ కేసుతో సరిపోవాల్సిన విషయం అనిపిస్తది, మాటకి జైలు ఏంది.

అయితే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, ఇది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టి ఎత్తుకుపోయే కేసు కాదు. పరువు పోయిందనుకున్న మనిషి మేజిస్ట్రేట్ దగ్గర కంప్లయింట్ వేసుకోవాలి. ఆ సెక్షన్లోనే మినహాయింపులు కూడా ఉన్నాయి, నిజం చెప్పి అది జనం మేలు కోసం చెప్పింది అయితే పరువునష్టం కాదు, పబ్లిక్ ఉద్యోగి తన డ్యూటీ చేసిన తీరు మీద మంచి మనసుతో చెప్పిన అభిప్రాయం కూడా కాదు.

నేను పిల్లకాయలకి చెప్పేది ఒకటే, చూసింది రాయండి, ఊహించింది రాయొద్దు. "చెరువు కట్ట పనిలో ఫలానా వాడు తినేశాడు" అని రాస్తే రేపు కోర్టులో మీరే రుజువు చెయ్యాలి. "మార్చిలో కట్ట పని అయిపోయిందని బోర్డు పెట్టారు, తూము పక్కన మట్టి ఇప్పటికీ పడలేదు, ఇదిగో ఫోటో, ఎస్టిమేట్ ఎంత, బిల్లు ఎంత ఇచ్చారో చెప్పండి" అని రాస్తే ఎవరూ మిమ్మల్ని ఏం చెయ్యలేరు, పైగా రెండోదానికే వాళ్ళు ఎక్కువ కదులుతారు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, పది రూపాయల ఫీజు, ఇంకా పంచాయితీ స్థాయిలో మన రాష్ట్రంలో ఆ పది కూడా లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ముందు కాగితం తెచ్చుకోండి, ఆ తర్వాత గట్టిగా అడగండి.

వాట్సాప్ గ్రూపులో ఎవరో ఏదో పెడితే అడ్మిన్ జైలుకి పోతాడా?

వేరే వాళ్ళు పెట్టినదానికి అడ్మిన్‌ని నేరస్తుడు చెయ్యడానికి లేదని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అడ్మిన్ కూడా దాంట్లో చెయ్యి కలిపితే అది వేరే లెక్క. అడ్మిన్‌గా ఉన్నోళ్ళు తీసెయ్యగలిగిందాన్ని చూస్తూ వదిలెయ్యొద్దు, నా మాట అంతే.

ఫార్వర్డ్ చేశానంతే, నేను రాయలేదు కదా, నాదేం తప్పు?

ఇక్కడ మాత్రం నాకు మెతకగా మాట్లాడ్డం రాదు.

2021 మే నెల గుర్తుందా, కరోనా రెండో వేవ్, హాస్పిటల్లో బెడ్లు లేవు, ఆక్సిజన్ లేదు. కృష్ణపట్నంలో మందు ఇస్తన్నారని, కంట్లో చుక్కలేస్తే లేచి కూర్చుంటన్నారని వీడియోలు ఒక్కసారి బయల్దేరాయి. రెండు మూడు రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో వేల మంది, జబ్బుతో ఉన్నోళ్ళు, లేనోళ్ళు, అందరూ ఒకే దారిలో. ఆ మందు మంచిదా కాదా అనేది నేను తేల్చేది కాదు, ఇచ్చినాయన డబ్బులు కూడా తీసుకోలేదు. తర్వాత ప్రభుత్వం పంపిణీ ఆపి, పరీక్షలు చేయించి, మే 31న కంటి చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చు అనింది, డాక్టర్ రాసిన మందులు మాత్రం ఆపొద్దు అని కూడా చెప్పింది. ఆ రెండో ముక్కని ఎంతమంది ఫార్వర్డ్ చేశారు చెప్పండి? నా ఫోన్‌కి మొదటి వీడియో ఇరవై సార్లు వచ్చుంటది, రెండోది ఒక్కసారి కూడా రాలేదు. భయంలో ఉన్న జనం ఆశని పంచుకున్నారు, దాన్ని నేను తప్పు పట్టను, కానీ సగం మాటని పంచడం వల్ల జనం ఒకరి మీద ఒకరు పడి క్యూ కట్టారు, అదీ అంటుకునే జబ్బు కాలంలో.

ఇంకోటి చెప్తా, ఇది నాది. 2018 ఎండాకాలంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని రెండు తెలుగు రాష్ట్రాల్లో మెసేజ్‌లు తిరిగాయి కదా, నేనూ పంపాను, మనవళ్ళు ఉన్నారు, భయమేసింది, పంపితే పోయేదేముంది అనుకున్నా. నాలుగో రోజు మా పక్క వీధిలో తలవెంట్రుకలకి స్టీలు గిన్నెలిచ్చే ఆయన్ని, తెలుగు సరిగా రాదు పాపం, సైకిల్ లాగేసి స్తంభానికి ఆనించి నిలబెట్టారు. కొట్టారు కూడా. ఇద్దరు ఆడోళ్ళు ఈయన మాకు తెలుసు, ఏళ్ళ తరబడి వస్తన్నాడు అని అడ్డం పడకపోతే ఏమయ్యేదో. ఆయన్ని పట్టుకున్న పిల్లోడి ఫోన్లో ఉన్న మెసేజ్ నేను మా గ్రూపులో పెట్టిందే. నేను రాయలేదు, నిజమే. కానీ నేను మాస్టార్ని, నా పేరు మీద వచ్చింది కాబట్టే ఆ పిల్లోడు నమ్మాడు. ఫార్వర్డ్ చెయ్యడం అంటే మన పేరుని దానికి పూచీ పెట్టడం.

ఆ న్యాయ సంహితలో కూడా తప్పుడు పుకారు పంచి జనాన్ని భయపెట్టి గొడవలకి దారితీస్తే సెక్షన్ 353 ఉంది, మూడేళ్ళ వరకు. నిజమని నమ్మడానికి సరైన కారణం ఉండి, చెడ్డ ఉద్దేశం లేకుండా పంచినోళ్ళకి దాంట్లో మినహాయింపు కూడా ఉందిలే. కానీ నాకు సెక్షన్ గుర్తుకు రాదు, ఆయన సైకిలే గుర్తుకొస్తది.

మనోభావాలు దెబ్బతిన్నాయి అని కేసు పెడితే?

మనసు నొచ్చుకోవడం వేరు, నేరం వేరు. మతాన్ని అవమానించే సెక్షన్ 299 పడాలంటే కావాలని, చెడ్డ ఉద్దేశంతో చేసుండాలి, ఆ మాటలు సెక్షన్లోనే ఉన్నాయి. 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి పోలిక చెప్పింది, మాటకీ గొడవకీ మధ్య సంబంధం తుపాకీ మందు పీపాలో నిప్పురవ్వ పడినంత దగ్గరగా ఉండాలి, ఎక్కడో ఎవరికో కోపం రావచ్చు అనే ఊహ చాలదు అని. 2025 మార్చిలో ఒక ఎంపీ పెట్టిన కవిత మీద కట్టిన ఎఫ్ఐఆర్ కొట్టేస్తూ, మాటల్ని గట్టి మనసున్న, ధైర్యమున్న మనిషి కొలతతో చూడాలి గానీ ప్రతిదానికీ బెదిరిపోయే మనిషి కొలతతో కాదు అని చెప్పింది.

నెల్లూరోళ్ళం మనకి ఇది కొత్తగా నేర్పాలా అసలు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో దిగి, రొట్టె ఇచ్చేది ఏ మతమో తీసుకునేది ఏ మతమో చూడకుండా చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె అని మార్చుకునే ఊరు మనది. అలాంటి చోట రెండు మతాల మధ్య మంట పెట్టే వీడియో ఒకటి పండగ రోజుల్లో వదిలితే అది అభిప్రాయం కాదు, సెక్షన్ 196 దానికోసమే ఉంది. కానీ మతంలో ఒక ఆచారాన్ని ప్రశ్నించడం అభిప్రాయమే, ప్రశ్నించే వాడిది ఆ మతమైనా కాకపోయినా.

నేను అభిప్రాయం పెడితే కింద బూతులు పెడతన్నారు సార్, అది కూడా వాళ్ళ స్వేచ్ఛేనా?

ఇది ఒక డిగ్రీ అమ్మాయి అడిగింది, అడిగి తల దించుకుంది. తల దించుకోవాల్సింది నువ్వు కాదమ్మా.

అది స్వేచ్ఛ కాదు. ఆడవాళ్ళని అవమానించే మాటలకి సెక్షన్ 79, వెంటపడి మెసేజ్‌లు పెడితే 78, అసభ్యం పెడితే ఐటీ చట్టం 67. డిలీట్ చెయ్యకముందే స్క్రీన్‌షాట్ తీసుకో, లింకు కాపీ చేసుకో, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళ, పిల్లల కేసులకి వేరే విభాగమే ఉంది. ఏ స్టేషన్‌కి పోయినా మా పరిధి కాదు అనడానికి లేదు, జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. బూతులు తిట్టి ఒక అమ్మాయిని మాట్లాడకుండా చేస్తే పోయింది ఆ అమ్మాయి స్వేచ్ఛే కదా, అది ఎందుకు లెక్కలోకి రాదు.

కులం పేరుతో తిట్టడం కూడా ఇంతే. ఎస్సీ, ఎస్టీ వాళ్ళని కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం ఉంది. ఆ చట్టం ఊరికే రాలేదు. 1985 జూలైలో, అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడులో, మా మంచినీళ్ళ చెరువుని మురికి చెయ్యొద్దు అన్నందుకు మొదలైన గొడవ మర్నాడు ఆరుగురు దళితుల హత్యల దాకా పోయింది. ఒక్క న్యాయమైన మాట అన్నందుకు. మాట్లాడితే కొందరికి లైకులొస్తాయి, కొందరికి ప్రాణమే పోద్ది, ఈ తేడా తెలియకుండా స్వేచ్ఛ గురించి మాట్లాడ్డం నాకు చేతకాదు. అందుకే పైనున్నోడిని ప్రశ్నించేటప్పుడు గొంతు ఎంత పెంచినా పర్లేదు, కిందున్నోడి గురించి అనేటప్పుడు రెండుసార్లు ఆలోచించాలి అంటాను.

"బాధ్యతగా మాట్లాడండి" అని నాయకులు అంటే మనం ఏమనుకోవాలి?

ఎవరిని ఆపడానికి అంటున్నారో చూడండి. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో ఆడోళ్ళు సారాయి కొట్టు మూయించారు, రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకున్నోళ్ళు, వాళ్ళ పాఠాల్లోనే సారాయి గురించి చదువుకున్నోళ్ళు. అప్పుడు వాళ్ళకి ఎంతమంది బాధ్యత చెప్పుంటారు? మొగుడి మాట వినాలి, ప్రభుత్వ ఆదాయం పోద్ది, ఆడోళ్ళు రోడ్డెక్కితే ఏం బాగుంటది అని. వాళ్ళు వినలేదు. జిల్లా అంతా పాకి, సారాయి వేలం పాటలు జరగనీకుండా చేసి, 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారాయి నిషేధం తెప్పించారు.

పొట్టి శ్రీరాములు గారిని మనం ఆంధ్ర రాష్ట్రం కోసమే గుర్తు పెట్టుకుంటాం, అంతకు ముందు 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వమని ఆయన నిరాహారదీక్ష చేశాడు. నెల్లూరు వీధుల్లో ఎర్రటి ఎండలో, చెప్పుల్లేకుండా, మాటలు రాసిన అట్టలు మెళ్ళో వేసుకుని తిరిగేవాడు, జనం పిచ్చాయన అన్నారు. ఇప్పుడు జిల్లాకే ఆయన పేరు. ఆ రోజు ఎక్కువమందికి నచ్చని మాట అది. వీళ్ళెవరూ బాధ్యత లేనోళ్ళు కాదు, వాళ్ళ బాధ్యత ఎవరికి అనేది వాళ్ళకి తెలుసు.

ధర్నా, మీటింగ్ పెట్టుకోవాలంటే పర్మిషన్ అడగాలా, రోడ్డు మీద కూర్చోవచ్చా?

2022 డిసెంబర్ 28న కందుకూరులో ఇరుకు సెంటర్లో పెట్టిన పార్టీ సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఇళ్ళకి తిరిగి రావాల్సిన జనం. సభ పెట్టేవాడికి బాధ్యత లేదా అంటే నూటికి నూరు శాతం ఉంది, ఎంతమంది పడతారు, బయటికి దారి ఎటు, పక్కన కాలువ ఉందా, ఇవి చూసుకోకుండా జనాన్ని పిలవకూడదు. కానీ దాని పేరు చెప్పి 2023 జనవరి 2న జీవో 1 తెచ్చి రోడ్ల మీద సభలు, ర్యాలీలు దాదాపు ఆపేశారు, దాన్ని మన హైకోర్టు మే నెలలో కొట్టేసింది. నాకు రెండూ కరెక్టే అనిపిస్తది, తొక్కిసలాట మీద కోపమూ కరెక్టే, జీవో కొట్టెయ్యడమూ కరెక్టే. స్థలం మార్చమనొచ్చు, టైం మార్చమనొచ్చు, మొత్తానికే వద్దు అనకూడదు. రోడ్డు మీద కూర్చోవడం గురించి 2020లో సుప్రీంకోర్టు, నిరసన హక్కే గానీ పబ్లిక్ రోడ్డుని ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు ఆక్రమించడానికి లేదు అనింది. అంబులెన్స్‌కి మాత్రం ఎప్పుడూ దారి వదలండి.

పోస్టు పెట్టినందుకు పోలీసులు రమ్మంటే ఏం చెయ్యాలి?

భయపడి డిలీట్ చేసి ఫోన్ ఆపేసి ఊరొదిలిపోవద్దు. ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న కేసుల్లో వెంటనే అరెస్ట్ మామూలు పద్ధతి కాదు, ముందు నోటీసు ఇవ్వాలి, 2014లో అర్నేష్ కుమార్ తీర్పు, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే ఇంకో కొత్త చట్టంలో సెక్షన్ 35(3). కాగితం అడగండి, ఏ సెక్షన్ అని అడగండి, పోయేటప్పుడు లాయర్ని గానీ తెలిసిన పెద్దాయన్ని గానీ తోడు తీసుకుపోండి. ఆ కాగితం మీద ఐటీ చట్టం 66ఏ అని ఉంటే అది కోర్టు కొట్టేసిన, చచ్చిపోయిన సెక్షన్. 2012లో మహారాష్ట్ర పాల్‌ఘర్‌లో ఫేస్‌బుక్ పోస్టుకి ఇద్దరు అమ్మాయిల్ని అరెస్ట్ చేశాక శ్రేయా సింఘాల్ అనే లా చదివే అమ్మాయి కోర్టుకి పోయింది, 2015 మార్చి 24న కొట్టేశారు, ఆ ఇద్దరు జడ్జీల్లో ఒకరు మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్ గారు. చర్చ, వాదన, రెచ్చగొట్టడం మూడూ వేరు వేరు, మొదటి రెండూ హక్కు అని ఆ తీర్పు. ఆ తర్వాత కూడా స్టేషన్లలో ఆ సెక్షన్ కింద కేసులు కడతానే ఉంటే, 2022 అక్టోబర్‌లో ఎవరి మీదా దాంతో కేసు నడపొద్దని సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

తప్పుడు పోస్ట్ పెట్టేశాను, ఇప్పుడేం చెయ్యాలి?

డిలీట్ ఒక్కటే చాలదు, అప్పటికే చూసినోళ్ళు చూసేసుంటారు. ఎక్కడ పెట్టారో ఆడనే, అంతే పెద్దగా, నేను నిన్న పంపింది తప్పు అని మీ పేరుతో రాయండి. ఎవరి గురించి రాశారో ఆ మనిషికి ఫోన్ చెయ్యండి, ఫోన్ లేకపోతే ఇంటికి పోండి. నాకు ఆ రెండు లైన్లు గ్రూపులో రాయడానికి మూడు రోజులు పట్టింది, మాస్టారు తప్పు పంపాడు అంటారని. రాశాక ఇంకో ఇద్దరు మేమూ పంపాం సార్ అని ఒప్పుకున్నారు. గిన్నెలాయన కోసం రెండు ఆదివారాలు చూశాను, ఆ తర్వాత ఆయన మా వైపు మళ్ళీ రాలేదు.